ఎడారి నగరానికి పోవాలా, ఉండాలా?

(గుడియాత్తంలో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం భాషాల్పసంఖ్యాకుల రాజ్యాంగ హక్కులు. ఆ అంశంపై ఈ ఊళ్లోనే నాలుగైదు మార్లు మాట్లాడి ఉన్నాను. మీలో కొందరికి నా వాక్యాలు కంఠస్థమై ఉంటాయి. కనుక మీరు అనుమతిస్తే ఈ రోజు మరొక ప్రశ్నను ఎత్తుకొంటాను. చివరకు అది కూడా హక్కుల ప్రశ్నగానే తేలుతుంది.

గత నెలలో రాయవేలూరులోని నా కార్యాలయానికి ఈ ఊరి దంపతులు వచ్చారు. భర్త లుంగీల వ్యాపారంలో లెక్కలు రాస్తాడు. మూడో తరగతి చదివే కూతురు ఉన్నది. దుబాయిలో ఒక గిడ్డంగిలో ఉద్యోగం ఇస్తామని వచ్చిన కాగితం నా ముందు పెట్టి, "అన్నా, పోదామా వద్దా? నువ్వు చెప్పినట్టు చేస్తాము" అన్నాడు. అంత బరువు నా మీద వేయవద్దన్నాను. కాని ఆ ప్రశ్న ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లలో రాత్రి భోజనాల వేళ నడుస్తున్నదని నాకు తెలుసు. అందుచేత నా లెక్కను అందరి ముందు వేస్తున్నాను.

ముందు ఎండ సంగతి. ఎడారి అనగానే మన ఆడవారు ఎండకు భయపడతారు. రాయవేలూరులో పుట్టినవారికి ఎండ గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. పాలారులో నీళ్ల కన్నా ఇసుకనే ఎక్కువ నాళ్లు చూసినవాళ్లము మనము. కాని దుబాయి ఎండ వేరు. వేసవిలో 45 డిగ్రీలు దాటుతుంది, పక్కనే సముద్రం కనుక దానికి ఉక్క తోడు. అందుకే అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదన్న నిషేధం ఉన్నది. గిడ్డంగిలో లెక్కలు రాసేవాడికీ, ఇనుప చువ్వలు కట్టేవాడికీ ఎండ ఒకటి కాదు. మీరు పోయేది ఏ పనికో దాన్ని బట్టి ఎండను తూచండి.

డబ్బు లెక్కకు వస్తాను. జీతం మీద ఆదాయపు పన్ను లేదన్నది నిజం. కాని ఆ దంపతుల కాగితంలో నేను మొదట చూసింది మొత్తం జీతం కాదు, మూల వేతనం. నెలకు మొత్తం 5,000 దిర్హంలు. అందులో మూల వేతనం 2,000 మాత్రమే, తక్కినదంతా భత్యాలు. ఉద్యోగం విడిచి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని అక్కడి చట్టం మూల వేతనం మీదనే లెక్క కడుతుంది. 2022 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న కార్మిక చట్టం ప్రకారం, ఏడాది పని పూర్తయినవారికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజులది. ఆ లెక్కన మన తమ్ముడికి ఐదేళ్ల తర్వాత వచ్చేది 7,000 దిర్హంలు. అదే 5,000 మూల వేతనంగా రాసి ఉంటే 17,500 వచ్చేది. ఒక్క గడిలో అంకె మారితే ఇంత తేడా! ఆ మాట చెప్పేదాకా వారు ఆ గడి వంక చూడనే లేదు.

భార్యాబిడ్డలను తీసుకుపోవాలంటే 2019లో మార్చిన నిబంధన ప్రకారం నెలకు 4,000 దిర్హంల జీతం ఉండాలి, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. మన తమ్ముడి జీతం ఆ గీత దాటింది. కాని అనుమతి దొరకడం వేరు, బతకడం వేరు. ఇంటి అద్దె, బిడ్డ బడి రుసుము పోగా 5,000లో ఎంత మిగులుతుందో అక్కడివారినే ఇద్దరు ముగ్గురిని అడగమన్నాను. ఒంటరిగా పోయి గది పంచుకొని ఉండేవాడు ఇంటికి పంపగల సొమ్ము వేరు, సంసారంతో పోయేవాడు దాచగల సొమ్ము వేరు. ఈ రెండింటినీ కలిపి చూసేవారే మోసపోతారు. ఇంకొక మాట. అక్కడ మన నివాసం ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే, ఇచ్చిన గడువులోగా మరొకటి వెతుక్కోవాలి లేదా దేశం విడవాలి. సామాన్యునికి ముప్పై ఏళ్లు పని చేసినా పౌరసత్వం రాదు.

ఏజెంట్ల గురించి క్లుప్తంగా చెబుతాను, మీకు చాలా వరకు తెలిసిందే. భారత ప్రభుత్వం వద్ద నమోదైన ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. "ముందు విజిటు వీసా మీద పో, అక్కడ మారుద్దాం" అనేవాడి గడప తొక్కవద్దు. నియామకపు ఖర్చులను ఉద్యోగి మీద మోపరాదని అక్కడి చట్టమే చెబుతున్నది.

ఇప్పుడు పాస్‌పోర్టు. పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుకు వలస తనిఖీ అవసరమన్న షరతు ఉంటుంది. అటువంటివారు గల్ఫు దేశాలకు పనికి పోవాలంటే అనుమతి తీసుకోవాలి. నిజానికి ఆ షరతు పెట్టింది వారి రక్షణ కొరకే. అనుమతితో పాటు చేయించే ప్రవాసీ భారతీయ బీమా కూడా మంచిదే. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల రుసుముతో ప్రమాద మరణానికి 10 లక్షలు వస్తాయి. కాని ఆచరణలో ఆ షరతు ఉన్నవాడంటే చదువు లేనివాడని, అడిగినంత తగ్గించి ఇవ్వవచ్చునని లెక్క.

మన పిల్లలు పదో తరగతిలో ఎక్కడ తట్టుకొంటున్నారో ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. 2006 నాటి తమిళ అధ్యయన చట్టం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై, ఏడాదికి ఒక తరగతి చొప్పున పెరిగి 2015-16లో పదో తరగతిని చేరింది. తమిళం మొదటి భాగంలో తప్పనిసరి అయినది, మాతృభాష ఐచ్ఛికమై మూలకు జరిగినది. తెలుగు మాధ్యమంలో చదివి, తమిళం సరిగా నేర్పే ఉపాధ్యాయుడు లేని బడి నుంచి వచ్చిన బిడ్డ ఆ ఒక్క పత్రంలో తప్పితే పదో తరగతి తప్పినట్టే. అంటే బడిలో జరిగిన భాషాన్యాయం పాస్‌పోర్టు మీదికి కూడా ఎక్కుతుంది. ఆ పత్రం నుంచి మినహాయింపు కోసం న్యాయస్థానాల చుట్టూ ఎన్ని ఏళ్లు తిరిగామో మీకు తెలుసు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చినది కూడా ఆ ఒక్క ఏటికే.

ఇక నా సొంత కథ ఒకటి చెప్పాలి. 2017లో దుబాయిలోని ఒక న్యాయ సలహా సంస్థ నుంచి నాకు పిలుపు వచ్చింది. జీతం విని నా భార్య రెండు రాత్రులు నిద్రపోలేదు, నేనూ పోలేదు. చూసి వద్దామని మూడు వారాలు పోయాను. అక్కడి న్యాయస్థానాల భాష అరబ్బీ. నావంటివాడు కాగితాలు తయారు చేయవచ్చు గాని న్యాయమూర్తి ముందు నోరు విప్పలేడు. వాదించడమే వృత్తిగా బతికినవాడికి అది ఎట్లా ఉంటుందో చెప్పలేను.

ఒక సాయంకాలం తెలిసినవారి వెంట కార్మికుల వసతికి పోయాను. గదికి ఆరుగురు. వారిలో ఒకడు నిజామాబాదు వైపు తెలుగువాడు. నేను వకీలునని విని ట్రంకు పెట్టెలోంచి తన ఒప్పందం తీసి, "సార్, ఇందులో ఏమున్నదో జర చెప్పు" అన్నాడు. సంతకం పెట్టి పదకొండు నెలలైనది. తెలుగు చక్కగా చదవగలడు, దిండు కింద తెలుగు వారపత్రిక ఉన్నది. కాని ఒప్పందం అరబ్బీ, ఇంగ్లీషులలో ఉన్నది. పక్క మంచం మీది కేరళ కుర్రవాడు తన కాగితం తీసి చూపించాడు. అది మలయాళంలో కూడా ఉన్నది!

విషయమేమంటే, 2016 జనవరి 1 నుంచి ఆ దేశపు కార్మిక శాఖ ఒక మంచి నియమం తెచ్చింది. ఉద్యోగ ప్రతిపాదనను, ఒప్పందాన్ని అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు కార్మికునికి అర్థమయ్యే భాషలో కూడా చూపాలి. అందుకు తొమ్మిది భాషలను సిద్ధం చేశారు: హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తమిళం, నేపాలీ, సింహళం, చైనీయం, దరీ. ఆ జాబితాలో తెలుగు లేదు. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుంచి అన్ని వేలమంది పోయిన తర్వాత కూడా లేదు. అది ఆ దేశపు తప్పని నేను అనను. మలయాళీల కోసం అడిగేవారు ఉన్నారు. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకొన్నది. మనవారి కోసం అడిగినవారెవరు?

ఆ రాత్రి నన్ను ఇంకొక ఆలోచన కలవరపెట్టింది. గుడియాత్తం నుంచి వచ్చే మన పిల్లవాడైతే ఆ తమిళ ప్రతిని చదువుకోగలడు. ఏ చట్టంతో నేను ఏళ్ల తరబడి పోరాడుతున్నానో, ఆ చట్టం నేర్పిన భాషే అక్కడ వాణ్ణి కాపాడుతుంది. తమిళం నేర్చుకోవద్దని మనం ఎన్నడూ అనలేదు, తెలుగును తీసివేయవద్దని మాత్రమే అన్నాము. అయినా ఆ మాట ఈ సభలో దాచి పెట్టడం న్యాయం కాదు.

నేను తిరిగి వచ్చేశాను. అందుకు కారణం భాషాభిమానమని కొందరు మిత్రులు అన్నారు. అంత గొప్ప ఏమీ లేదు. వాదించే వృత్తి ఇక్కడ ఉన్నది, తల్లి ఇక్కడ ఉన్నది.

ఇప్పుడు ఆ దంపతుల దగ్గరకు మళ్లీ వస్తాను. డబ్బు సంగతులన్నీ అయిన తర్వాత నేను నా అలవాటు ప్రకారం, "అక్కడికి పోతే బిడ్డకు తెలుగు పోతుందమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నెమ్మదిగా, "ఇక్కడ మాత్రం ఏమున్నదన్నా? మా పాప తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. నీ పాపకు వచ్చునా?" అన్నది.

నా వద్ద జవాబు లేదు. నా కూతురు తమిళం, ఇంగ్లీషు రాస్తుంది. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదువుతుంది.

కనుక భాష గడిని నిజాయితీగా నింపుదాం. అక్కడి ప్రైవేటు బడుల్లో విదేశీ పిల్లలకు ఒకటి నుంచి తొమ్మిదో తరగతి దాకా అరబ్బీ తప్పనిసరి. ఇక్కడ తమిళం తప్పనిసరి. రెండు చోట్లా రాజ్యం తన భాషను ముందు పెట్టుకొన్నది. తేడా ఒక్కచోట ఉన్నది. ఇక్కడ మనం పౌరులము. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించమని రాజ్యాంగం 350ఎ అధికరణంలో రాష్ట్రాలకు చెప్పింది. అది అమలు కాకపోతే వ్యాజ్యం వేయవచ్చు. అక్కడ అతిథులము, వేడుకోవచ్చు గాని వ్యాజ్యం లేదు. మరొక వైపు చూస్తే, అక్కడ ఉన్న భారతీయ బడులలో ఎక్కువ భాగం కేంద్రీయ మాధ్యమిక విద్యామండలివి. ఆ మండలి పాఠ్యాంశాల్లో తెలుగు ఉన్నది. తల్లిదండ్రులు గుంపుగా అడిగితే పెట్టేందుకు దారి ఉన్నది. సిలికానాంధ్ర మనబడి వంటివి అంతర్జాలంలో తరగతులు నడుపుతున్నాయి. ఆ తరగతికి గుడియాత్తం నుంచి కూర్చున్నా ఒకటే, దుబాయి నుంచి కూర్చున్నా ఒకటే. గట్టు దాటి పలమనేరు పోతే తెలుగు బడి దొరుకుతుంది గదా అని ఒక పెద్దాయన అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనే 2019లో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమానికి మార్చే ఉత్తర్వు వస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేయవలసి వచ్చిందని ఆయనకు మనవి చేస్తున్నాను.

నా స్వార్థం కూడా చెప్పేస్తాను. తెలుగు బడిలో పిల్లల సంఖ్య తగ్గితే ఉపాధ్యాయ పదవి పోతుంది, పదవి పోతే తరగతి పోతుంది. మీ కుటుంబం కదిలితే నా వ్యాజ్యంలో ఒక అంకె తగ్గుతుంది. "పోవద్దు" అని నా నోట వచ్చినప్పుడల్లా అందులో ఈ లెక్క ఎంత పాలు ఉన్నదో నన్ను నేను అడుగుకొంటాను. మగ్గం, అగ్గిపెట్టె, బీడీ మీద బతికే ఇంటివాణ్ణి నా అంకె కోసం ఆపే అధికారం నాకు లేదు.

పోయేవారికి ప్రభుత్వ సాయం ఏమిటని అడుగుతారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫులో మరణించిన తమ వారి కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. అది మనకు వర్తించదు, తెలుగు మాట్లాడినంత మాత్రాన తెలంగాణ వారము కాము. మనకున్నది తమిళనాడు ప్రవాస తమిళుల సంక్షేమ చట్టం, 2011. దాని కింద ఏర్పడిన మండలి. పేరులో తమిళులని ఉన్నదని వెనుదిరగవద్దు. తరాలుగా ఈ నేల మీద పన్ను కట్టినవారము. తమిళనాడు నివాసిగా దరఖాస్తు పెట్టండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతారన్న కారణంతో ఎవరైనా తిరగగొడితే ఆ జవాబును రాతపూర్వకంగా తీసుకొని నాకు పంపండి. ఆ కాగితం కోసం ఎదురుచూస్తున్నాను.

ఆ దంపతులు ఒక నిర్ణయానికి వచ్చారు. మూల వేతనం పెంచమని రాశారు. 3,000కు ఒప్పుకొన్నట్టు జవాబు వచ్చింది. అతడు ముందు ఒంటరిగా పోతాడు. మొదటి ఆరు నెలలు పరీక్షాకాలం కనుక అది గడిచాక కుటుంబం సంగతి చూస్తారు. అంతదాకా పాప అవ్వ దగ్గర ఉంటుంది. ఆ అవ్వ తెలుగు మాధ్యమంలో ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి. రోజూ సాయంకాలం అక్షరాలు దిద్దిస్తానన్నది. నా కూతుర్ని కూడా వారానికి రెండు రోజులు అక్కడికి పంపుతానని మాట ఇచ్చాను. రాయవేలూరు నుంచి బస్సులో తీసుకు రావలసింది నేనే.

ఒప్పంద పత్రాలు చేతిలో ఉన్నవారు సభ అయిన తర్వాత ఉండండి. సంతకం పెట్టినవారు కూడా తీసుకురండి. తెలుగు ప్రతి ఉన్నదా అని మీ యజమానిని అడిగారా లేదా అన్నది నేను మొదట అడిగే ప్రశ్న.