కారుకి కొత్త స్పీకర్లా? ఇల్లాలు అడగవలసిన ప్రశ్నలు



కారు అనగానే అది మగవాళ్ళ వ్యవహారమని మనం పక్కకి తప్పుకుంటూ ఉంటాం. గ్రైండరు కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరిగి, మోటారు ఎంత, గ్యారంటీ ఎన్నేళ్ళు అని నిలదీసి అడిగే మనమే, కారులో స్పీకర్లు మార్పిస్తానంటే "మీ ఇష్టం" అని ఊరుకుంటాం. తాడేపల్లిగూడెంలో పెళ్ళికి వెళ్ళినా, ద్వారకా తిరుమల మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళినా, కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి వెళ్ళినా ఆ కారులో ఇంటిల్లిపాదీ ఉంటాం కదా! డబ్బూ మనదే, చెవులూ మనవే. అందుకని ఈ సంగతి కాస్త తెలుసుకుందాం.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో కారులో రేడియో ఉండటమే గొప్ప. 1983లో మారుతి 800 వచ్చాక మధ్యతరగతి ఇళ్ళకీ కారు చేరింది, దానితో పాటే టేపురికార్డరూ చేరింది. ఇప్పుడు కంపెనీవాళ్ళే స్టీరియో బిగించి ఇస్తున్నారు. అయితే చవక రకం కార్లలో స్పీకర్లు చాలావరకు పలచటి కాగితపు కోనుతో, చిన్న అయస్కాంతంతో ఉంటాయి. అందుకే కార్ డెకార్స్ షాపులకి అంత గిరాకీ.

ఏలూరు పవర్‌పేటలో ఉండే మా వదినగారి మామగారికి పాత పాటలంటే ప్రాణం. వెనక సీట్లో కూర్చుని "మాట తెలియటం లేదమ్మా" అంటూండేవారు. ఆయన కోసమని అబ్బాయి నాలుగు తలుపుల్లోనూ కొత్త స్పీకర్లు పెట్టించాడు. మోత పెరిగింది గాని మాట తెలియలేదు. పైగా మొదటి వానకే కాళ్ళ కింద తివాచీ తడిసి ముక్కవాసన కొట్టింది. పెద్దాయన "నాకు పాటలొద్దులే" అని కిటికీ వైపు తిరిగి కూర్చోవటం మొదలుపెట్టారు. ఖర్చు పోతే పోయింది, నలుగురితో కలిసి కూర్చున్న మనిషి ఒంటరివాడయ్యాడు. అదీ బాధ.

ఎందుకలా జరిగింది? వయసు మళ్ళాక ముందుగా తగ్గేది సన్నటి శబ్దాలు వినే శక్తి. స, శ, త, క లాంటి హల్లుల స్పష్టతంతా ఆ సన్నటి శబ్దాల్లోనే ఉంటుంది. మోత పెంచితే ధన్‌ధన్‌మనే బరువు శబ్దాలు ఇంకా పెరిగి మాటను కప్పేస్తాయి. సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకరును ట్వీటర్ అంటారు. ఆ శబ్దం టార్చిలైటు వెలుగులాగా తిన్నగా పోతుంది. తలుపు అడుగున ఉంటే మన మోకాళ్ళకి తగిలి అక్కడే ఆగిపోతుంది!

అందుచేత మొదటి ప్రశ్న: "ట్వీటర్ ఎక్కడ పెడతావు బాబూ?" పెద్ద స్పీకరు మధ్యలోనే ట్వీటరు ఉన్నవాటిని కోయాక్సియల్ అంటారు. చవక, బిగించటం తేలిక. రెండూ విడివిడిగా ఉండే రకాన్ని కాంపోనెంట్ అంటారు. ఇందులో ట్వీటర్‌ను అద్దం పక్కన, చెవికి దగ్గరగా పెట్టవచ్చు. డబ్బు ఒక జతకే ఉంటే ముందు తలుపులకే పెట్టించండి. పెద్దవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెడితే సగం పని అయినట్టే.

రెండో ప్రశ్న వాట్ల గురించి. పెట్టె మీద 300 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది పీక్, అంటే ఒక్క క్షణం ఎత్తగల బరువు. మూల చిన్న అక్షరాలతో ఆర్‌ఎంఎస్ అని ఉంటుంది, అది అస్తమానం మోయగల బరువు. మనం చూడవలసింది రెండోదే. స్టీరియో మీద "4 × 50" అని రాసి ఉన్నా, కారు బ్యాటరీ ఇచ్చే 12, 14 వోల్టులతో మామూలు స్టీరియో ఒక్కో స్పీకరుకి నిలకడగా ఇచ్చేది 15, 20 వాట్లే. కనుక విడిగా యాంప్లిఫయర్ పెట్టకపోతే వాట్లు ఎక్కువని మురిసిపోనక్కర్లేదు. సెన్సిటివిటీ చూడండి. అది 3 డెసిబెల్స్ ఎక్కువ ఉన్న స్పీకరు సగం కరెంటుతోనే అంత మోతా ఇస్తుంది. 90 చుట్టుపట్ల ఉంటే మంచిది. ఓములు కూడా స్టీరియోకి తగ్గట్టే ఉండాలి. చాలా కార్లలో అవి 4.

ఇక బిగింపు. వాననీళ్ళు అద్దం వెంబడి తలుపు లోపలికి దిగి అడుగున కన్నాల్లోంచి పోతాయి. ఆ నీళ్ళు కారులోకి రాకుండా తలుపు ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. మా వదినగారి కారులో పనివాడు ఆ పొర చింపి అలాగే వదిలేశాడు. తివాచీ తడవటం అందుకే. పొరను మళ్ళీ గట్టిగా అంటించమని, అడుగు కన్నాలు మూయవద్దని దగ్గరుండి చెప్పాలి. స్పీకరు కింద వేసే రింగు మామూలు చెక్కదయితే మన కొల్లేటి చెమ్మకి ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్ రింగు మేలు. కోను కూడా కాగితానిది కాక పాలీప్రొపిలీన్‌దయితే తేమకి ఆగుతుంది.

రింగు చుట్టూ సందు ఉండకూడదు. కోను ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నెడుతుంది, వెనక గాలి లాగుతుంది. సందు ఉంటే ఆ రెండూ కలిసిపోయి బరువు శబ్దం మాయమవుతుంది. గాస్కెట్ సరిగా లేని కుక్కరులో ఆవిరి నిలుస్తుందా? ఇదీ అంతే. బిగించేముందు అద్దం పూర్తిగా దింపి, అయస్కాంతానికి తగలటం లేదని చూసుకోవాలి.

వైర్లు కత్తిరించనివ్వకండి. ఆ కారుకి సరిపోయే కప్లర్లు దొరుకుతాయి. కత్తిరిస్తే వారంటీకి పేచీ రావచ్చు. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. ఒకటి తిరగబడితే ఒక స్పీకరు ముందుకు నెట్టేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. స్టీరియోలో బ్యాలెన్స్ అని ఉంటుంది. ఎడమ ఒక్కటే వినండి, కుడి ఒక్కటే వినండి. విడివిడిగా బాగుండి, కలిపితే పేలవంగా ఉంటే వైరు తిరగబడినట్టే. మా వదినగారి కారులో ఇదీ జరిగింది. వైరు సరిచేసి, పొర అంటించి, బాస్ తగ్గించి, ట్రెబుల్ ఒక మెట్టు పెంచి, పెద్దాయన్ని ముందు సీట్లోకి మార్చారు. ఇప్పుడు పాటతో పాటు ఆయనా పాడుతున్నారట.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫ్యూజు. యాంప్లిఫయర్ పెట్టిస్తే దానికి బ్యాటరీ నుంచి లావుపాటి వైరు తిన్నగా వస్తుంది. బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజు ఉండి తీరాలి. ఇంజను వైపు నుంచి రేకు దాటి లోపలికి వచ్చేచోట వైరుకి రబ్బరు వాషరు ఉండాలి. లేకపోతే రాపిడికి తొడుగు పోయి, వైరు రేకుకి తగిలి నిప్పు పుడుతుంది. "ఫ్యూజు ఎక్కడ పెట్టావో చూపించు" అని అడిగాకే డబ్బివ్వండి.

చివరగా చెవుల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు ఫరవాలేదు. అదే 90 అయితే 4 గంటలే. పిల్లలకి ఇంకా తక్కువ, 40 గంటలకి 75 మించకూడదు. జాతీయ రహదారి మీద లారీల రొదకి పోటీగా మోత పెంచుకుంటూ పోతే తెలియకుండానే ఆ గీత దాటుతాం. గొంతు పెంచకుండా వెనక సీటువాళ్ళతో మాట్లాడగలుగుతున్నామా, వెనక హారను వినబడుతోందా? ఈ రెండూ చూసుకుంటే చాలు.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాల్లో హద్దు 45 డెసిబెల్స్. ఆసుపత్రి, బడి దగ్గర 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతం. కైకలూరు వైపు వెళితే ఆటపాకలో గూడబాతులు పిల్లల్ని సాకుతూ ఉంటాయి. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అక్కడ స్టీరియో కట్టేసి, అద్దాలు దించి, పిల్లల్ని ఆ పక్షుల కలకలం విననివ్వండి.

స్పీకర్లు మార్చాలనుకుంటే ఈసారి షాపుకి మీరూ వెళ్ళండి. మీకు బాగా తెలిసిన పాట ఒకటి పట్టుకెళ్ళి, ప్రతి మాటా తెలిసేదాకా విని, ఆ తరవాతే సరే అనండి.