నోట్ల రద్దు చర్చ – లంచం విషయంలో ఇస్లాం ఆదేశం

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!



2025 మే నెలలో కడపలో జరిగిన తెలుగుదేశం మహానాడులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారు 500 రూపాయల నోటును కూడా రద్దు చేయాలని కోరారు. పెద్ద నోటు పోతే అవినీతి తగ్గుతుందని వారి వాదన. తుంగభద్రకు అవతల లేచిన ఈ మాట మన ఊళ్లలోనూ చర్చకు వచ్చింది. కొందరు ఔనంటున్నారు. మళ్లీ ఆ బ్యాంకు వరుసలా అని కొందరు భయపడుతున్నారు.

ఈ మందు కొత్తది కాదు. 1946లో ఒకసారి, 1978లో మరొకసారి పెద్ద నోట్లు రద్దయ్యాయి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవని ప్రకటించారు. రద్దయిన 15.41 లక్షల కోట్ల రూపాయలలో 15.31 లక్షల కోట్లు తిరిగి బ్యాంకులకే చేరాయని రిజర్వు బ్యాంకు 2018లో తెలిపింది. అప్పుడు పుట్టిన 2000 నోటును 2023 మేలో ఉపసంహరించారు. రద్దు చట్టబద్ధమేనని 2023 జనవరిలో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పగా, జస్టిస్ నాగరత్న విభేదించారు. న్యాయస్థానం తేల్చిన విషయాన్ని మేము మింబర్ మీద తిరిగి విచారించబోము.

అయితే ఆ రోజుల భారం ఎవరిపై పడిందో చెప్పకుండా ఉండలేము. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలుగా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. ఇరవై ఎనిమిది రోజులకే ఈ ప్రకటన వచ్చింది. అది పత్తి తీసే కాలం, యాసంగి వేరుశనగ విత్తే కాలం. కూలి నగదులోనే ఇవ్వాలి. ఏటీఎంలో మొదట దొరికింది రోజుకు 2000 రూపాయలు. వడ్డీకి భయపడి బ్యాంకు గడప తొక్కక, బిడ్డ నికాహ్ కొరకు బియ్యపు డబ్బాలో నోట్లు దాచుకున్న తల్లులు ఆ పైకాన్ని పట్టుకుని వరుసలో నిలబడ్డారు. వారి సొమ్ము హలాల్. దానిని నల్లధనంతో కలిపి మాట్లాడడం అన్యాయం.

ఆ నెలల్లోనే మరొక పరీక్ష కూడా వచ్చింది. ధనికుని నోట్లను తన ఖాతాలో వేసుకుని, కొంత కమీషను మినహాయించుకుని తిరిగి ఇచ్చే బేరం దేశమంతటా సాగింది. కలిగినవాడు పేదవాని పాసుపుస్తకాన్ని అద్దెకు తీసుకున్నాడు. పేదవాడు తన సాక్ష్యాన్ని అమ్ముకున్నాడు. ఇతరుని అక్రమాన్ని మన పేరుతో కప్పడం అబద్ధపు సాక్ష్యమే. ఆ కమీషను ఎంత స్వల్పమైనా దానిని హలాల్ అనడానికి మాకు దారి కనిపించడం లేదు.

సోదరులారా! మదీనా అంగడిని తలచుకోండి. అక్కడ చెలామణి అయిన బంగారు దీనార్లు రోము చక్రవర్తులవి, వెండి దిర్హములు పారశీక రాజులవి. ఆ రాజుల బొమ్మలే వాటిపై ఉండేవి. బొమ్మలు లేని ఇస్లామీయ నాణేలు దశాబ్దాల తరువాత ఖలీఫా అబ్దుల్ మలిక్ కాలంలో వచ్చాయి. దైవప్రవక్త (సఅసం) ఆ నాణేలతోనే వ్యవహారం సాగనిచ్చారు. కాని ధాన్యపు కుప్పలో స్వయంగా చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసినదానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు, మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. మన మార్కెట్ యార్డులలో వేరుశనగ కుప్పల మధ్య తిరిగేవారికి ఈ హదీసును వేరే వివరించనక్కరలేదు.

జకాత్ వసూలుకు వెళ్లిన ఇబ్నుల్ లుత్‌బియ్యా తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది అని రెండు భాగాలు చేశాడు. దైవప్రవక్త (సఅసం) ఆ విషయాన్ని మింబర్ పైకి తెచ్చారు. అతడు తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రశ్నించారు. అలా తీసుకున్నదానిని ప్రళయదినాన మెడపై మోసుకుని రావలసి ఉంటుందన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) అధికారులను నియమించేటప్పుడే వారి ఆస్తుల జాబితా రాయించేవారు. నేడు లంచం ఫోను ద్వారా మధ్యవర్తి ఖాతాకు వెళుతోంది. 500 నోటు ఉన్నా లేకున్నా ఈ ప్రశ్న అలాగే నిలిచి ఉంటుంది. మామూలు అన్నా, టీ ఖర్చు అన్నా, ఆ కుర్చీ లేకుంటే అది వచ్చేదా?

ఇక ఇచ్చేవాని సంగతి. లంచం తీసుకున్నవానినీ ఇచ్చినవానినీ ప్రవక్త (సఅసం) శపించారు. ఇతరుని సొమ్మును అక్రమంగా తినడానికి అధికారులకు ధనం ఎర వేయరాదని సూరా బఖరా 188వ ఆయతు నిషేధిస్తోంది. పక్కవాని గట్టును మన పట్టాలో కలిపించుకోవడానికి ఇచ్చేది ఈ కోవలోనిదే. కాని తన భూమినే తన పేర ఎక్కించుకోలేక, తన పింఛనే తనకు అందక, గత్యంతరం లేక ఇచ్చినవాని మాట వేరు. పాపం తీసుకున్నవానిపైనే ఉంటుందని ఎందరో పండితులు అన్నారు. ఆశ్చర్యమేమంటే మన దేశ చట్టం కూడా దాదాపు ఇక్కడికే చేరింది. 2018 సవరణ ప్రకారం లంచం ఇచ్చినవానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. బలవంతంగా ఇవ్వవలసి వచ్చి, ఏడు రోజులలో ఫిర్యాదు చేసినవానికి మినహాయింపు ఉంది. ఏసీబీ ఉచిత ఫోను నంబరు 1064.

గత్యంతరం లేదనే ముందు గతి వెదికామా అన్నది చూడాలి. వితంతువు ఒంటరిగా వెళితే పని ఆగుతుంది. చదువుకున్న యువకుడు దరఖాస్తు రాసి, రసీదు అడిగి, ఆమె పక్కన నిలబడితే అంత సులువుగా ఆపలేరు. ఆఫీసులో పని నిలిచిపోయినవారు నమాజు తరువాత కూర్చోండి. వారంలో ఒక పూట వారికి తోడు వెళ్లగలిగిన యువకులు కూడా లేచి వెళ్లకండి.

యా అల్లాహ్! మా ఆహారాన్ని హరామ్ నుండి కాపాడు. ఆమీన్.