హైదరాబాద్ పేరుతో ఎగిరిన విమాన దళం
(పెద్దకొడప్‌గల్‌లో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లండు ఆకాశాన్ని కాపాడిన యుద్ధవిమాన దళాలలో ఒకదానికి మన హైదరాబాద్ పేరుందంటే మా మనవళ్లు నమ్మలేదు. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ 152వ స్క్వాడ్రన్ అది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా దాన్ని 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అన్నారు. దాని చిహ్నంలో నిజాం పెట్టుకునే దస్తార్ బొమ్మ, కింద 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు ఉంటాయి. తెల్లదొరలు నిజాంకు ఇచ్చిన బిరుదే అది. ఉర్దూలో యార్-ఎ-వఫాదార్. 253వ స్క్వాడ్రన్‌కు కూడా 'హైదరాబాద్ స్టేట్' అనే పేరుండేది. వాళ్లవి హరికేన్ విమానాలు.

152వ దళం 1939 అక్టోబరులో మళ్లీ ఏర్పడింది. మొదట పాతకాలపు గ్లాడియేటర్లు, 1940 నుంచి స్పిట్‌ఫైర్లు. ఆ జూలైలో దక్షిణ ఇంగ్లండులోని వార్మ్‌వెల్‌కు చేరి, పోర్ట్‌లాండ్ నౌకాస్థావరం మీదికి వచ్చే జర్మన్ విమానాలను ఎదుర్కొంది. పైలట్లు ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. పొద్దున టిఫిన్ చేసి వెళ్లినవాడు మధ్యాహ్నం భోజనానికి తిరిగి వస్తాడన్న నమ్మకం లేదు. తర్వాత ఉత్తర ఆఫ్రికా, మాల్టా, సిసిలీ, ఇటలీ. 1943 చివర మన దేశానికే వచ్చి, బర్మా యుద్ధరంగంలో జపాన్‌తో పోరాడింది.

నేను రెవెన్యూ గుమాస్తాగా బతికినవాణ్ణి. ఖర్చు పద్దు కనిపిస్తే జమ వైపు ఏముందా అని చూడటం నా అలవాటు. నిజాం సొంత ఆదాయం సర్ఫ్-ఎ-ఖాస్ భూములది, సర్కారు ఆదాయం దివానీ భూములది. పేర్లు రెండయినా శిస్తు కట్టింది రైతే. విమానం ఎలా ఉంటుందో చూడని మంజీర ఒడ్డు రైతు కూడా అందులో ఉన్నాడు. ఆ విరాళానికి ఎవరూ అతని సమ్మతి అడగలేదు, చిహ్నం మీద నాగలి బొమ్మా వేయలేదు. హిట్లర్‌ను ఓడించడం న్యాయమే, ఆ కుర్రాళ్ల ధైర్యానికి వంక పెట్టను. కానీ దాతల జాబితాలో ఒక్క పేరే ఉండటం నాకు రుచించదు.

మరి అంత విశ్వాసానికి ప్రతిఫలం? 1947లో హైదరాబాద్‌ను ప్రత్యేక రాజ్యంగా గుర్తించమంటే బ్రిటన్ ఒప్పుకోలేదు. 1948 సెప్టెంబరు పోలీసు చర్యలో హైదరాబాద్ మీదికి వచ్చినవి భారత వైమానిక దళపు టెంపెస్ట్ విమానాలు. వాటిని తయారుచేసింది బ్రిటనే!

152వ దళాన్ని యుద్ధం తర్వాత రద్దు చేసి, మళ్లీ నిలబెట్టి, చివరికి 1967లో బహ్రెయిన్‌లో పూర్తిగా మూసేశారు. నిజాం కన్నుమూసింది కూడా ఆ ఏడాదే, ఫిబ్రవరిలో.