దీపము వెలుగనిచో దోషమెక్కడ?



జమాఖర్చులు పొసగనిచో లెక్కలు వ్రాయువాడు ఖాతాను చింపివేయడు; తొలి పద్దునుండి వరుసగా సరిచూచును. విద్యుద్వలయమందలి దోషమును కనుగొనుటకును ఇదియే మార్గము.

9 వోల్టుల బ్యాటరీతో చిన్న ఎర్ర ఎల్.ఇ.డి. దీపమును వెలిగింపదలచితి మనుకొనుడు. దీపము సుమారు 2 వోల్టులు గ్రహించును. తక్కిన 7 వోల్టులను నిరోధకము భరింపవలెను. ఓము పండితుడు 1827లో ప్రకటించిన సూత్రము ననుసరించి 470 ఓముల నిరోధకము నుంచినచో 15 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము కలుగును. దీపమున కది క్షేమము. నిరోధకము లేనిచో దీపము మాడిపోవును.

అయినను వెలుగదా? తొందరపడి దీపమును పారవేయకుడు. మొదట బ్యాటరీని మల్టీమీటరుతో కొలువుడు. పిదప దీపపు కాళ్లనడుమ కొలువుడు. అచ్చటను 9 వోల్టులున్నచో దీపము తిరుగబడినదో, లోపల తెగినదో కావలెను. పొడవైన కాలు ధనధ్రువమునకు చేరినదా యని చూడుడు. అచ్చట శూన్యమైనచో తరచుగా నడుమ నొక అతుకు వీడియుండును. కొలిచిన పిదపనే మార్చుట మేలు. ఊహించి మార్చుట ధనవ్యయము.

1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. వెలసినది, ఈ విద్య మనకు పరాయిది కాదు. మన జహీరాబాదు ప్రాంతపు బాలబాలికలకై ఈ గ్రంథాలయపు బీరువాలో పుస్తకముల సరసన మల్టీమీటరొకటి యుండవలెనని నా విన్నపము. వారు బ్యాటరీలతోనే అభ్యసింపవలెను. ఇంటి గోడలోని 230 వోల్టుల జోలికి పోరాదు.