బట్టకు పట్టని రంగు
(ప్లాటినోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ పల్లెల నుండి బ్రతుకుతెరువుకై షోలాపూర్ చేరిన వేలాది నేత కుటుంబాలలో మాదీ ఒకటి. నాన్న సాంచాలపై చద్దర్లు నేసేవారు; అమ్మ కండెలు చుట్టేది. ఈ బడిలో తెలుగులో సైన్సు నేర్చి, ఆపై రసాయన శాస్త్రంలో ఎం.యస్సీ. చేసి, ఒక అద్దకపు కార్ఖానాలో ఉద్యోగంలో చేరాను. ఉద్యోగం మానకుండా పిహెచ్.డి. చేయడం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు ఆదేశించారు.

ముందుగా నా ఓటమిని చెప్పుకోవాలి. మొదటిసారి నేను పేరు నమోదు చేసుకొన్నది కేవలం పేరుకు ముందు 'డాక్టర్' అన్న బిరుదు కోసమే. కార్ఖానాతో సంబంధం లేని అంశం తీసుకొన్నాను. తీరిక దొరికినప్పుడు చదువుదామనుకొన్నాను, తీరిక దొరకలేదు. గడువు తీరి నమోదు రద్దయినది. ఆ తప్పు నాదే.

ఒకనాడు కార్ఖానా మురుగుకాలువలో ఎర్రని నీరు చూచి అమ్మ అడిగింది: "బట్టకు పట్టని రంగు ఏడికి వోతది బిడ్డా?" ఆ ప్రశ్నే నా రెండవ ప్రయత్నానికి అంశమైనది. రియాక్టివ్ రంగులు నూలుతో రసాయనిక బంధం ఏర్పరచుకొంటాయి. కాని అదే తొట్టిలో కొంత రంగు నీటితోనే చర్య జరిపి, దారానికి అంటే శక్తిని కోల్పోతుంది. అది, రంగును దారం వైపు నెట్టడానికి వేసిన ఉప్పుతో సహా, కాలువ పాలవుతుంది. పగలు నా చేతుల మీదుగా జరిగే పనే రాత్రి నా పాఠమైనది.

ఈ మార్గమున నడువదలచిన వారికి కొన్ని వివరాలు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పిహెచ్.డి.ని అనుమతిస్తున్నాయి. యజమాని నుండి నిరభ్యంతర పత్రం కావాలి. కనీసం 12 క్రెడిట్ల కోర్సు పూర్తి చేయాలి. కాలపరిమితి కనిష్ఠం 3 ఏళ్ళు, గరిష్ఠం 6 ఏళ్ళు. పునర్నమోదుతో మరి 2 ఏళ్ళు. స్త్రీలకు ఇంకొక 2 ఏళ్ళ సడలింపు కలదు; ఇంటి భారం మోసే మన ఆడపడుచులు దీనిని గుర్తుంచుకోవాలి. దూరవిద్య ద్వారా ఇచ్చే పిహెచ్.డి.కి గుర్తింపు లేదు. అట్టి ప్రకటనలను నమ్మి సొమ్ము పోగొట్టుకోవద్దు. కార్ఖానా లెక్కలను పరిశోధనలో వాడదలచితే, వాటిని ప్రచురించే అనుమతిని మొదటి రోజే వ్రాతపూర్వకంగా తీసుకోండి.

ఆంగ్లంలో సిద్ధాంత గ్రంథం వ్రాయవలసి వచ్చినప్పుడు జంకాను. ప్రతి అధ్యాయాన్ని ముందు తెలుగులో అమ్మకు చెప్పేవాడిని. ఆమెకు అర్థం కాని చోట నాకూ అర్థం కాలేదని తెలిసేది. తెలుగు మాధ్యమం నాకు అడ్డు కాలేదు, గీటురాయి అయినది.

దీనికి మూల్యం లేకపోలేదు. ఆదివారాలు ప్రయోగశాలలో గడిచాయి. మా అమ్మాయి బడి వార్షికోత్సవాలు రెండు చూడలేకపోయాను. అవి తిరిగి రావు. కనుక ఇంటివారి సమ్మతి కూడ ఒక నిరభ్యంతర పత్రమే. దానిని ముందుగా అడగండి.

పట్టా వచ్చిన తరువాత జీతం పెరుగలేదు. కాని అమ్మ ప్రశ్నకు బదులు చెప్పగలిగాను. ప్రశ్నించిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టక, "మళ్ళీ అడుగు" అన్న ఈ బడి గురువులకు నా పాదాభివందనాలు.