తండ్రి ఆడిన జట్టులో కొడుకు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ మాట్లాడవలసిన పెద్దలు నా వెనక ఉన్నారు. వారి సమయం ఎక్కువ తినను. కార్యదర్శి గారు మొన్న కనబడి "మీరు ఆస్ట్రేలియాలో మీ అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చారు గదా, అక్కడి విశేషాలు ఓ పావుగంట చెప్పండి" అన్నారు. కంగారూలను, సముద్రాలను నాకంటే మీ మనవలే ఫోనులో బాగా చూపిస్తారు. నేను ఒక నిబంధన గురించి చెబుతాను. ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళు నడిపినవాణ్ణి, ఎక్కడికి వెళ్ళినా కన్ను నిబంధనల మీదికే పోతుంది. ఇది ఆటకు సంబంధించిన నిబంధన. కాని వింటుంటే మీలో కొందరికి సొంత ఇంటి సంగతి గుర్తుకు రావచ్చు. నాకైతే వచ్చింది.

నేను మెల్‌బోర్న్‌లో ఉన్నది 2023లో. ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. ఆస్ట్రేలియన్ రూల్స్ అంటారు, ముద్దుగా ఫుటీ అంటారు. క్రికెట్ మైదానమంత కోలగా ఉండే మైదానంలో పక్కకు 18 మంది చొప్పున ఆడతారు. బంతి కూడా కోలగానే ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది అందించవచ్చు. రెండు వైపులా నాలుగేసి స్తంభాలు. నడిమి రెంటి మధ్య నుంచి తన్నితే 6 పాయింట్లు, పక్క సందులో నుంచి పోతే 1. మొదటి నెలంతా నాకు అది పెళ్ళివారింట్లో లడ్డూల పళ్ళెం కింద పడ్డట్టు కనిపించింది. తొమ్మిదేళ్ళ మా మనవడు పక్కన కూర్చుని చెప్పగా చెప్పగా రెండో నెలకు కాస్త బోధపడింది.

సెప్టెంబరు 16న ఆ ఆటలో మహానుభావుడొకాయన, రాన్ బరాసీ, 87వ ఏట పోయారు. మర్నాడు పేపరు నిండా ఆయనే. అది చదువుతుంటేనే ఈ నిబంధన సంగతి తెలిసింది. దాన్ని తండ్రీకొడుకుల నియమం అంటారు. ఒక ఆటగాడు ఏదైనా క్లబ్బుకు చాలాకాలం ఆడి ఉంటే, అతని కొడుకు పెద్దవాడయ్యాక అతణ్ణి తీసుకునేందుకు ఆ క్లబ్బుకు ప్రథమ హక్కు ఉంటుంది.

బరాసీ తండ్రి పేరు కూడా రాన్ బరాసీయే. మెల్‌బోర్న్ క్లబ్బుకు 58 ఆటలు ఆడాడు. 1940లో ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. యుద్ధానికి వెళ్ళి, 1941 జులైలో లిబియాలోని టోబ్రూక్ దగ్గర చనిపోయాడు. కొడుక్కు అప్పుడు ఐదేళ్ళు. ఆ రోజుల్లో కుర్రవాడు ఏ పేటలో కాపురముంటే ఆ పేట క్లబ్బుకే ఆడాలి. ఆ లెక్కన ఈ పిల్లవాడు మరో క్లబ్బుకు పోవాలి. తండ్రి క్లబ్బువారికి అది మనసొప్పలేదు. తండ్రితో కలిసి ఆడిన నార్మ్ స్మిత్ అప్పటికి ఆ క్లబ్బుకు కోచ్. ఆయన కుర్రవాణ్ణి తన ఇంటి పెరట్లోని గదిలో పెట్టుకుని పెంచాడు. 1953లో బరాసీ తండ్రి క్లబ్బు తరఫున బరిలో దిగాడు.

నియమం బరాసీ కోసమే పుట్టిందని చాలామంది చెబుతారు. పుట్టింది 1949లో. దాన్ని మొదట వాడుకున్నది కార్ల్టన్ క్లబ్బు, 1951లో, హార్వీ డన్ అనే ఆటగాడి కొడుకు కోసం. అయినా ఊరంతా బరాసీ పేరే చెబుతుందంటే కారణం మీకు తెలుస్తూనే ఉంది. తండ్రి పోయిన పిల్లవాడు. అంటే ఆ నియమానికి జనం మనసులో ఉన్న మొదటి ముఖం మనం కారుణ్య నియామకం అనే దానిదే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఈ హాల్లో సగం మందికి తెలుసు, తక్కినవారికి కూడా తెలియనీయండి. నేను ఆ తలుపులో నుంచి వచ్చినవాణ్ణే. మా నాన్నగారు 1978లో సర్వీసులో ఉండగానే పోయారు. ఆయనకు అప్పటికి 22 ఏళ్ళ సర్వీసు. నేను వాల్తేరులో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. 1977 అక్టోబరు 3 నాటి 687 నంబరు జి.ఓ. అప్పటికి కొత్తగా వచ్చింది. మా పెదనాన్నగారు, నాన్నగారి సెక్షన్ పెద్దలు కలిసి అర్జీ రాసి, నాచేత సంతకం పెట్టించారు. 1979లో చేరాను. నాకన్నా చురుగ్గా చదివింది మా అక్కయ్య. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళింది కనుక ఆమె మాట ఎవరూ ఎత్తనే లేదు. చేరిన రోజున నన్ను నాన్నగారి కుర్చీలోనే కూర్చోబెట్టారు. సొరుగు లాగితే ఆయన కళ్ళజోడు పెట్టె, సగం రాసి వదిలేసిన జీతాల బిల్లు ఒకటి ఉన్నాయి. ఆ బిల్లు నేనే పూర్తి చేశాను.

పైవారిలో ఒకాయన ఉండేవారు, పేరు వద్దు. నా చిత్తులో ఏ చిన్న తప్పు కనబడినా "నాన్న పుణ్యాన వచ్చిన ఉద్యోగం గదా" అనేవారు. తప్పు లేనప్పుడు "ఎంతైనా వాళ్ళ నాన్న కొడుకు" అనేవారు. రెండు మాటల్లోనూ నేను లేను. 2013లో 58 నిండి రిటైరయ్యేదాకా ఆ మాట ఒక మూల మెదులుతూనే ఉండేది. (మరుసటి సంవత్సరమే 60 చేశారనుకోండి. అది వేరే బాధ.)

అందుకని ఆ ఆటగాళ్ళ కొడుకుల కథలను నేను కాస్త పట్టుదలగానే చదివాను.

ఇప్పుడు అక్కడి పద్ధతి వేరు. ఎ.ఎఫ్.ఎల్. అనే సంస్థ కింద 18 క్లబ్బులున్నాయి. పేటల లెక్క పోయి, 1986 నుంచి డ్రాఫ్ట్ అని పెట్టారు. సీజను ముగిశాక క్లబ్బులన్నీ కూర్చుని కొత్త కుర్రవాళ్ళను వరుసగా ఎంచుకుంటాయి. ఆ ఏడు అట్టడుగున నిలిచిన క్లబ్బుది మొదటి వంతు, ఛాంపియన్‌ది చివరి వంతు. బలహీనులకు బలం రావాలని ఏర్పాటు. మన రోస్టర్ పాయింట్ల పట్టిక లాంటిదే. కుర్రవాడికి మాత్రం ఎంపిక లేదు. పెర్త్‌లో పుట్టినవాణ్ణి బ్రిస్బేన్ క్లబ్బు పిలిస్తే మూట కట్టుకుని పోవలసిందే. తొలి పోస్టింగుకు ఏజెన్సీకి వెళ్ళినవారు ఇక్కడ ఉన్నారు, వారికి వివరించనక్కరలేదు.

ఈ వరుసకు పెద్ద మినహాయింపే తండ్రీకొడుకుల నియమం. తండ్రి ఆ క్లబ్బుకు కనీసం 100 ఆటలు ఆడి ఉండాలి. బరాసీ తండ్రి ఆడినవి 58 అని చెప్పాను గదా. ఇవాళ్టి లెక్కలో ఆ అర్జీ "అర్హత లేదు" అని వెనక్కి వచ్చేది!

మినహాయింపు అన్నాక తగాదా ఉంటుంది. కొంతకాలం క్లబ్బులు ఆటగాడి కొడుకును మూడో వరుస వంతు ఇచ్చి తీసుకునేవి. 2006లో టామ్ హాకిన్స్ అనే కుర్రవాడు వచ్చాడు. ఆ ఏడు వచ్చినవారిలో అతడే మొదటివాడు కాగలడని అనుకునేవారు. తండ్రి జాక్ హాకిన్స్ జీలాంగ్ క్లబ్బుకు ఆడినవాడు. జీలాంగ్ అతణ్ణి 41వ వంతుతో తీసుకుంది. మొదటి వంతు సరుకు 41వ వంతు ధరకు! తక్కిన క్లబ్బులు గోల పెట్టాయి. అతడు 2024 వరకు ఆ క్లబ్బుకే 359 ఆటలు ఆడాడు, క్లబ్బు చరిత్రలో అందరికంటే ఎక్కువ. వారి గోలకు అర్థముందని మీరే ఒప్పుకుంటారు.

2007 నుంచి పాట పద్ధతి పెట్టారు. వేరే క్లబ్బు తన వంతులో "ఈ కుర్రవాణ్ణి నేను తీసుకుంటాను" అనవచ్చు. అప్పుడు తండ్రి క్లబ్బు దానికి సరిపడా చెల్లించి తీసుకోవాలి, లేదా వదులుకోవాలి. 2015లో దీనికి పాయింట్ల పట్టిక వచ్చింది. ఆ పట్టికలో మొదటి వంతు విలువ 3,000 పాయింట్లు, రెండోది 2,517, అలా దిగుతూ వచ్చేది. ఇది చదివినప్పుడు నాకు మళ్ళీ ఆఫీసులో కూర్చున్నట్టే అనిపించింది.

2021 సంగతి చూడండి. పీటర్ డేకోస్ అని మాసిడోనియా నుంచి వచ్చిన కుటుంబంవాడు, కాలింగ్‌వుడ్ క్లబ్బుకు 250 ఆటలు ఆడాడు. అతని చిన్నకొడుకు నిక్. గోల్డ్ కోస్ట్ క్లబ్బు నాలుగో వంతులో నిక్ పేరు పిలిచింది. ఆ వంతు విలువ 2,034. ఆటగాడి కొడుక్కు అప్పట్లో 20 శాతం రాయితీ ఉండేది, పోగా 1,627. కాలింగ్‌వుడ్ తన వెనక వరుసల వంతులన్నీ కూడగట్టి ఆ లెక్క కట్టింది. చిల్లర డబ్బులు మూట కట్టి పెద్ద నోటు తీసుకున్నట్టు. ఆ రాయితీని 2025 నుంచి 10 శాతానికి తగ్గించారు. గోల్డ్ కోస్ట్‌కు అతడు దక్కడని తెలిసే ఉంటుంది. మన వేలాల్లో పాట పెంచి వదిలేసేవారు ఉంటారు గదా, అలా. అయితే నేను గోల్డ్ కోస్ట్‌ను తప్పు పట్టను. ఆ క్లబ్బు ఆటలోకి వచ్చిందే 2011లో. వంద ఆటలాడిన తండ్రి, పద్దెనిమిదేళ్ళ కొడుకు దానికి ఎక్కణ్ణుంచి వస్తారు? నూరేళ్ళ క్లబ్బులకు తండ్రులు గుంపులుగా ఉన్నారు. కొత్తవారికి ఈ హక్కు కాగితం మీదే. 1984 జనవరిలో మన రాష్ట్రంలో కరణాల, మునసబుల పదవులు రద్దయినప్పుడు వినబడిన వాదన ఇదే. వంశంలో పుట్టనివాడి సంగతేమిటి అని. ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు, అక్కడివారి దగ్గరా ఉన్నట్టు కనబడదు. అయినా నియమం ఎత్తేస్తామంటే జనం ఒప్పుకోరు. నిక్ వేసుకునేది తండ్రి వేసుకున్న 35 నంబరు చొక్కాయే. ముసలివాళ్ళు ఆ నంబరు చూసి కళ్ళు తుడుచుకుంటారు.

2023 సెప్టెంబరు 30న ఫైనల్. మా అమ్మాయి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. కాలింగ్‌వుడ్ 90, బ్రిస్బేన్ 86. నాలుగు పాయింట్ల తేడా. గెలిచిన జట్టులో నిక్ ఉన్నాడు, అన్న జాష్ ఉన్నాడు. కెప్టెన్ డార్సీ మూర్, అతనూ ఆ క్లబ్బు పాత ఆటగాడి కొడుకే. మా మనవడు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

నాకు ఇంతకంటే పట్టుకున్న సంగతి ఒకటుంది. ఆ నియమంలో హక్కు క్లబ్బుది మాత్రమే కాదు. కొడుకు ఒప్పుకోవాలి. 2005లో మార్క్ మర్ఫీ అనే కుర్రవాడికి తండ్రి ద్వారా బ్రిస్బేన్ క్లబ్బులోకి వెళ్ళే వీలుంది. వద్దన్నాడు. అందరితోపాటు డ్రాఫ్ట్‌లో నిలబడ్డాడు. కార్ల్టన్ అతణ్ణి మొట్టమొదటి వంతులో ఎంచుకుంది. తర్వాత ఆ క్లబ్బుకు కెప్టెన్ కూడా అయ్యాడు. జీలాంగ్‌లో గ్యారీ ఆబ్లెట్ అని దైవంతో సమానంగా చూసిన ఆటగాడు. ఇద్దరు కొడుకులూ అదే క్లబ్బులో చేరి 2007లో ఛాంపియన్లయ్యారు. పెద్దవాడు తండ్రంతటి వాడయ్యాడు. చిన్నవాడు నేథన్ గెలిచిన మరుసటి ఏడే క్లబ్బు వదిలేశాడు. ఇష్టం లేదు, అంతే. ఎవరూ ఉరి తీయలేదు. 2017లో ఆడవారి పోటీ మొదలయ్యాక ఆటగాళ్ళ కూతుళ్ళకూ ఈ దారి తెరిచారు. మా అక్కయ్యకు ఫోనులో ఈ సంగతి చెబితే "ఇప్పుడెందుకురా" అని నవ్వింది.

బరాసీ సంగతి పూర్తి చేయలేదు. తండ్రి క్లబ్బుకు 204 ఆటలు ఆడి, ఆరు ఛాంపియన్‌షిప్పులు గెలిచాడు. ఆరోది 1964లో. ఆ గెలుపు తర్వాత, తనను ఇంట్లో పెట్టుకుని పెంచిన కోచ్ ఉండగానే, క్లబ్బు వదిలి కార్ల్టన్‌కు కెప్టెన్‌గా, కోచ్‌గా వెళ్ళిపోయాడు. ఊరు అట్టుడికింది. తండ్రి పేరు చెప్పి చేర్చుకున్న పిల్లవాడు తండ్రి ఇల్లు దాటాడన్నారు. మెల్‌బోర్న్ క్లబ్బు మళ్ళీ ఛాంపియన్ కావడానికి 57 ఏళ్ళు పట్టింది, 2021లో. బరాసీ అది చూసే పోయాడు. ఇవాళ ఆ పెద్ద మైదానం బయట ఆయన విగ్రహం ఉంది. నేను వెళ్ళి చూసి వచ్చాను. కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఫైనల్ అయిన రాత్రి మనవడికి నా ఉద్యోగం కథ చెప్పాను. వాడు శ్రద్ధగా విని "మీ నాన్న ఎన్ని గేమ్స్ ఆడారు తాతయ్యా?" అన్నాడు. 22 ఏళ్ళు అన్నాను. "అయితే నువ్వు ఎలిజిబులే" అని తీర్పు చెప్పాడు. కాసేపు ఆగి "నీకు వేరే టీమ్‌లో ఆడాలని లేదా?" అని అడిగాడు. అర్జీ మీద సంతకం పెట్టించినప్పుడు గాని, ఆ ముప్ఫై నాలుగేళ్ళలో గాని నన్ను ఎవరూ అడగని ప్రశ్న. ఉండేదిరా, వాల్తేరులో ఉండిపోవాలని ఉండేది అన్నాను.

"వాల్తేరు ఏ టీమ్ తాతయ్యా?" అన్నాడు.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. సెలవు.