నా మొదటి నవల అచ్చయిన విధం

(ద్వారకలో జరిగిన మన వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి "మీ నవల గురించి ఓ పావుగంట మాట్లాడండి" అంటే కాస్త పొంగిపోయాను. తర్వాత ఆయనే, "కథ వద్దు సార్, అచ్చు ఎలా వేయించారో చెప్పండి. మనవాళ్లలో నలుగురైదుగురి దగ్గర నోటుపుస్తకాలున్నాయి" అన్నారు. సరే, అదే చెబుతాను.

నేను ఎయిర్ ఫోర్స్‌లో ఇరవై నాలుగేళ్లు ఇంజన్ ఫిట్టర్‌ని. రిటైరయ్యాక నోయిడాలో ఉద్యోగం. ద్వారక నుంచి నోయిడాకి బ్లూ లైన్ మెట్రోలో గంటకు పైగా ప్రయాణం. సీటు దొరికిన రోజున ఫోన్లో తెలుగులో టైపు చేసుకునేవాణ్ణి. అలా మూడేళ్లు. నవల నా కోర్స్‌మేట్ గురించి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాడు. ఒకే బిల్లెట్‌లో పక్కపక్క మంచాలు. 1996లో ఈశాన్యంలో డ్యూటీ మీద వెళ్తుండగా బండి లోయలో పడి పోయాడు. అప్పటికి కూతురికి రెండేళ్లు.

రాసింది ఎవరికి చూపించాలి? ఢిల్లీలో తెలుగు నవల ఓపిగ్గా చదివేవాళ్లు నాకు ఎదురుపడలేదు. ఇంట్లో మా ఆవిడ మొదటి అధ్యాయం విని "బాగుంది" అంది. బాగుంది అంటే ఇంక చదవకండి అని. చివరికి ఆన్‌లైన్‌లో పరిచయమైన పదకొండుమంది చదివారు. ఒకరు నెల్లూరులో టీచరమ్మ, ఒకరు డల్లాస్‌లో ఉద్యోగి, ఒకరు టెక్కలిలో రిటైరైన రెవెన్యూ ఆయన. సగంమంది ముఖాలు నేనింకా చూడలేదు. వారానికో అధ్యాయం పంపేవాణ్ణి, తప్పులు తిరిగొచ్చేవి.

టెక్కలి ఆయన మొదటి వారమే దులిపేశారు. "ఏమండీ, ఉద్దానం పిల్ల తన అప్పని 'అక్కా' అని పిలుస్తుందా? మీ భీమవరం భాష మా నోట్లో పెట్టకండి" అన్నారు. నిజమే, మాది పశ్చిమ గోదావరి. నాకు తెలియకుండానే అందరిచేతా మా ఊరి మాటలే మాట్లాడించాను. మూడు నెలలు కూర్చొని సంభాషణలన్నీ దిద్దుకున్నాను. టీచరమ్మ అయితే, ఒక పాత్ర నాలుగో అధ్యాయంలో చనిపోయి తొమ్మిదిలో పెళ్లికి వచ్చిందని పట్టుకుంది.

ఇది మనం కనిపెట్టిందేం కాదు. తెలుగులో తొలి నవలగా చాలామంది చెప్పే రాజశేఖర చరిత్రం కూడా సొంత అచ్చే. వీరేశలింగం పంతులుగారు 1878లో తన సొంత పత్రిక వివేకవర్ధనిలో దాన్ని విడతలుగా వేసి, 1880లో పుస్తకం చేశారు. ఆండీ వియర్ అనే అమెరికా ఆయన 2009 నుంచి 'ది మార్షియన్' నవలను అధ్యాయం తర్వాత అధ్యాయం ఉచితంగా చదివించాడు. సైన్సు తెలిసిన పాఠకులు లెక్కలు సరిదిద్దారు. 2011లో తనే 99 సెంట్లకు అమ్మకానికి పెట్టాడు. పెద్ద ప్రచురణ సంస్థ వచ్చింది ఆ తర్వాత. మనకు సినిమాలు రావు గానీ, పద్ధతి అదే.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. కథే కదా అనుకోకండి. ఆర్మీ రూల్స్ 1954లో 21వ రూలు చదవండి. సర్వీసు విషయంగానీ, సర్వీసు సమాచారంగానీ, రాజకీయ విషయంగానీ ముందస్తు అనుమతి లేకుండా ఏ రూపంలోనూ ప్రచురించకూడదు. నేవీ, ఎయిర్ ఫోర్స్ వాళ్లు తమ తమ రూల్స్ చూసుకోవాలి. రిటైరైనా 1923 నాటి అఫిషియల్ సీక్రెట్స్ యాక్టు మనల్ని వదలదు. నేను స్టేషన్ పేరు, విమానం రకం, రోడ్డు పేరు అన్నీ తీసేశాను. కథకి ఏ లోటూ రాలేదు.

ఇక డబ్బు సంగతి. "అంతా మేమే చూసుకుంటాం" అని ఒక సంస్థవాళ్లు ప్యాకేజీ చెప్పారు. అందులో ఐఎస్‌బీఎన్ నంబరుకి కూడా వేలల్లో ఖర్చు చూపించారు. టీచరమ్మ చెప్పబట్టి బతికిపోయాను. మన దేశంలో ఆ నంబరు ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద రాజా రామమోహన్ రాయ్ పేరుతో ఉన్న ఏజెన్సీ ఇస్తుంది, అదీ మన ఢిల్లీలోనే. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. నంబరు మీ పేరున ఉంటే ప్రచురణకర్త మీరే.

ప్రెస్సు విజయవాడలో చూసుకున్నాను. ఇక్కడ నారాయణాలో ప్రెస్సులు బోలెడు. కానీ తెలుగు ప్రూఫు చూసేవాళ్లేరీ? నేను ఫోన్లో కొట్టింది యూనికోడ్. డీటీపీ వాళ్లది అను ఫాంట్లు. మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోయి, 'లక్ష్మి' వచ్చిన ప్రతిచోటా ఏదో చీమల బారు కనబడింది. పదకొండుమందీ పేజీలు పంచుకొని ప్రూఫు చూశారు. అప్పటికి పుస్తకం 212 పేజీలు. "పదహారు పేజీలకో ఫారం సార్, నాలుగు పేజీలు తగ్గిస్తే పదమూడు ఫారాల్లో సరిపోతుంది" అన్నాడు ప్రెస్సాయన. నేను ముందుమాట కత్తిరించాను. ఎవరూ అడగలేదు కూడా. 500 కాపీలకు డీటీపీ, బొమ్మ, అచ్చు, రవాణా కలిపి 58 వేలు అయింది. ఇప్పటిదాకా తిరిగొచ్చింది 41 వేలు. షాపులవాళ్లు సగానికి దగ్గరగా కమీషన్ తీసుకుంటారు, ముందే లెక్కేసుకోండి. చవగ్గా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టు కూడా 2024 డిసెంబరులో ఆగిపోయింది. 1954 చట్టం ప్రకారం నాలుగు లైబ్రరీలకు ఒక్కో కాపీ పంపాలి: కలకత్తా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. ముప్పై రోజుల్లోపల. చాలామంది పంపరు, మీరు పంపండి.

అచ్చుకి ఇవ్వబోయే ముందు జరిగింది చెప్పాలి. చివరి అధ్యాయంలో మావాడు నవ్వుతూ, పాట పాడుతూ బండెక్కి వెళ్తాడు. పదకొండుమందికీ అదే నచ్చింది. డల్లాస్ ఆయన ఏడ్చానని చెప్పారు. టెక్కలి ఆయన మాత్రం అడిగారు, "ఆ ఇంటావిడకి చూపించారా?" అని. లేదు. మూడేళ్లు ఆమె జీవితం రాస్తూ ఆమెనే అడగలేదు.

పలాసలో రైలు దిగి వాళ్ల ఊరు వెళ్లాను. 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరితోట పోయింది, మళ్లీ వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే ఎత్తొస్తున్నాయి. కూతురు చదువుతుంటే ఆమె వింది. రెండు రోజులు పట్టింది. చివరికొచ్చేసరికి, "ఆపమ్మా" అని నా వైపు తిరిగి, "అన్నయా, ఆయనకి కొండలంటే బయ్యం. నాకు రాసిన ఉత్తరాల్నిండా అదే. మీరేటి, నవ్వుకుంటా ఎల్లిపోనాడని రాసీసినారు?" అంది.

పెట్టెలోంచి ఉత్తరాలు తీసి ఇచ్చింది. ప్రతి మలుపు దగ్గరా కళ్లు మూసుకుంటానని రాశాడు. నా పక్క మంచం మీద పడుకున్నవాడు నాకెప్పుడూ చెప్పలేదు. ఇంకొకటి కూడా అంది. టెలిగ్రాం వచ్చినప్పుడు తను కింద పడిపోయి ఏడ్చినట్టు రాశాను. "నేనారోజు ఏడవలేదు. పొయ్యి మీద వడ్లు ఉడుకుతున్నాయి, దించినాను. ఏడుపు తరవాతెప్పుడో వచ్చింది" అంది.

రెండు అధ్యాయాలు తిరగరాశాను. మా పదకొండుమందిలో నలుగురు ముందుదే బాగుందన్నారు, ఒకాయన అలిగారు కూడా. పదాలు, తేదీలు, భాష వాళ్లు దిద్దారు, వాళ్ల ఋణం తీర్చుకోలేను. ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ల మాట వినలేదు. నా ఊహా పక్కన పెట్టేశాను. ఊరి పేరు, మనుషుల పేర్లు కూడా ఆమె అడిగినట్టే మార్చాను.

పుస్తకం అచ్చయ్యాక ఇరవై కాపీలు పంపాను. కూతురు ఫోన్ చేసి, "అమ్మ పదిహేడు పంచేసింది మావయ్యా, ఒకటి నాన్న ఫొటో దగ్గర పెట్టింది" అని చెప్పింది. మిగతా రెండూ ఏమయ్యాయో అడగలేదు.

మా ఇంట్లో దివాన్ కింద ఇంకా నూట ముప్పై దాకా ఉన్నాయి. ఇరవై ఇవాళ తెచ్చాను, భోజనాల దగ్గర గుమ్మం పక్కన పెట్టాను, సగం ధరే. నోటుపుస్తకాలున్నవాళ్లు నన్ను పక్కకి పిలవండి. మెట్రోలో ఇప్పటికీ గంట ఖాళీ ఉంటుంది, చదివి పెడతాను. తప్పులు చెబుతాను మరి, ఏమీ అనుకోకూడదు.